పెట్టెలోని చోటుకీ కిరాయి

కొండపల్లి బొమ్మకు వాడే తెల్లపొణికి కర్ర చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. కానీ కొరియర్ బిల్లు మాత్రం బరువుగానే వస్తుంది. అంబారీ ఏనుగును 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 20 ఎత్తు ఉన్న అట్టపెట్టెలో సర్దామనుకుందాం. కాటా మీద అంతా కలిపి 700 గ్రాములే తూగినా, కిరాయి 3 కిలోలకు కట్టాలి. చాలా కొరియర్ సంస్థలు పొడవు, వెడల్పు, ఎత్తులను గుణించి 5000తో భాగిస్తాయి. అలా వచ్చిన బరువు, కాటా బరువు రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు వేస్తాయి. లారీలో, విమానంలో చోటు కూడా డబ్బే కనుక ఈ పద్ధతిని నేను తప్పుపట్టను. అది తెలియకుండా బొమ్మకు ధర కట్టి, చేసిన కూలిలోంచి కిరాయి చెల్లించే వారిని చూస్తేనే బాధ.

అదే ఏనుగు 25, 20, 15 సెంటీమీటర్ల పెట్టెలో పడితే లెక్క కిలోన్నరకు దిగుతుంది. అయితే మరీ బిగించి సర్దడానికీ లేదు. విడివిడిగా చెక్కిన భాగాలను మక్కుతో అతికించిన బొమ్మ అది. దారిలో తొండం విరిగితే కిరాయితో పాటు బొమ్మా పోతుంది. అందుకే ముందు పెట్టె కొలత తేల్చుకుని, ఆ తర్వాతే ధర రాయాలి.

ఆవకాయది ఇంకో చిక్కు. చాలాచోట్ల కిరాయి అరకిలో స్లాబుల్లో ఉంటుంది. అరకిలో పచ్చడి సీసా, అట్ట, టేపు కలుపుకుని కిలో స్లాబులోకి జారిపోతుంది. 400 గ్రాముల ప్యాకెట్ కట్టిన ఇల్లాలికి ఆ తేడా మిగులుతుంది. కిరాయి మీద 18 శాతం జీఎస్టీని కూడా మరవకూడదు. రిజిస్ట్రేషన్ లేని చిన్న అమ్మకందారుకు అది తిరిగి రాదు.

‘ఉచిత డెలివరీ’ అని రాయమని చిన్న అమ్మకందారులకు సలహా ఇచ్చేవారితో నేను ఏకీభవించను. కిరాయిని ధరలో కలిపేస్తే విజయవాడలో కొన్నవారు గువాహటి పార్సిల్ ఖర్చులో వాటా మోస్తారు. ఒకేసారి మూడు సీసాలు తీసుకున్నవారు మూడుసార్లు కిరాయి కడతారు, పార్సిల్ మాత్రం ఒక్కటే వెళ్తుంది. కిరాయిని విడిగా చూపిస్తే, ఇంకో సీసా కలిపితే ఎంత కలిసివస్తుందో కొనేవారికే కనబడుతుంది. పెద్ద సైట్లలో ఉచితానికి అలవాటుపడ్డ మనం, చేత్తో చేసిన వస్తువు కొనేటప్పుడైనా పిన్‌కోడ్‌ను బట్టి కిరాయి అడిగితే మొహం చిట్లించకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చేది క్యాష్ ఆన్ డెలివరీ. 80 రూపాయల చొప్పున 10 పార్సిళ్లు పంపితే 800. రెండు తిరిగొస్తే వెనక్కి తెచ్చిన కిరాయి మరో 160. చేతికి డబ్బు వచ్చేది ఎనిమిదింటి మీదే కనుక ఒక్కోదానికి అసలు పడింది 120. సీఓడీకి విడిగా తీసుకునే రుసుము దీని మీద అదనం. తిరిగొచ్చిన పచ్చడిని మళ్లీ అమ్మనూ లేరు. కనీసం రెండువైపుల కిరాయినైనా యూపీఐలో ముందే తీసుకుని, మిగతాది పార్సిల్ అందాక తీసుకుంటామని చెప్పడంలో మొహమాటం అక్కర్లేదు. నిజంగా కావాలనుకున్నవారు ఆ మాత్రం కడతారు.