సరకుల చీటి

“మఱచితిని” అను మాట మిక్కిలి చిన్నది. కాని దాని మూలమున కలుగు నష్టము ఎల్లప్పుడును చిన్నది కాదు. ఉగాదికి ముందునాటి సాయంకాలమున సిద్దిపేట అంగడి వీధిలో నిలిచి చూచినచో ఈ సంగతి తేటపడును. చుట్టుపట్టుల పల్లెల జనులు బస్సులలోను ఆటోలలోను వచ్చి కిరాణా దుకాణముల ముందు గుమిగూడుదురు. వారిలో ఒక గృహస్థుని ఊహింపుడు. ఆయన బయలుదేరునపుడు ఇల్లాలు గడపకడ నిలిచి పది సరకుల పేర్లు చెప్పినది: కందిపప్పు, సెనగపప్పు, గోధుమపిండి, మంచినూనె, ఉప్పు, బెల్లము, ఆవాలు, జీలకర్ర, పసుపు, సబ్బులు. “వ్రాసికొని పోరాదా?” అని ఆమె యడిగినది. “పది వస్తువులకు చీటి యెందుకు?” అని ఆయన నవ్వి వెడలిపోయెను.

దుకాణమున రద్దీగా నుండెను. తెలిసినవారు పలుకరించిరి. దుకాణదారుడు “ఇంకేమి కావలెను?” అని తొందరపెట్టెను. గృహస్థు పైకప్పు వంక చూచి, తోచినవి చెప్పి, మూట కట్టించుకొని చివరి బస్సు ఎక్కెను. ఇంటికి వచ్చి చూడగా బెల్లము లేదు, ఆవాలు లేవు. ఎవరును కోరని బిస్కత్తు పొట్లములు రెండు, ప్లాస్టిక్కు డబ్బా యొకటి మాత్రము వచ్చినవి. మఱునాటి యుదయమున వేపపూవు, మామిడికాయ, క్రొత్త చింతపండు సిద్ధముగా నుండెను, తీపి లేదు. గిన్నె పట్టుకొని పొరుగింటికి పోవలసివచ్చెను. షడ్రుచుల పండుగనాడు ఆ యింట మొదటి రుచియే అరువు రుచి యయ్యెను.

ఇది నవ్వుకొని మఱచిపోదగిన సంగతి యని కొందఱనవచ్చును. కాని మఱచిన వస్తువు కొఱకు మఱల పట్టణమునకు పోవలెనన్న బస్సు కిరాయి కావలెను. కూలి చేసికొని బ్రదుకువానికి అరపూట కూలియు పోవును. అక్కఱలేని వస్తువునకు పెట్టిన పైకము అక్కఱయైన వస్తువునకు ఉండదు. కలిగినవారి యింట మతిమఱపు వినోదమైనను, లేనివారి యింట అది ఖర్చు.

చీటి వ్రాయుట మందమతుల పని యనియు, శతావధానులు పుట్టిన తెలుగు దేశమున ఉప్పు పప్పులకు కాగితము పట్టుట సిగ్గుచేటనియు వాదించువారు కలరు. తిరుపతి వేంకట కవులవంటి అవధానులు పృచ్ఛకులు కోరిన పద్యములను చెప్పి, తుదకు వానినన్నిటిని ధారణ చేసి వినిపించినమాట నిజమే. కాని ఆ శక్తి సాధనచేత వచ్చినది. అదియుగాక పద్యమునకు ఛందస్సు కలదు. యతిప్రాసలు దానిని పట్టియుంచును. ఉప్పునకును ఆవాలకును నడుమ యతియు లేదు, ప్రాసయు లేదు.

“మా అవ్వ ఏ చీటియు లేకయే సంసారము నడపినది” అనువారును కలరు. ఆ అవ్వ జ్ఞాపకము గొప్పదే. కాని ఆమె కొనవలసినవి కొలదియే. ధాన్యము, పప్పు చేనినుండియే వచ్చెడివి; నూనె ఊరి గానుగలో ఆడించెడివారు; చింతపండు చెట్టునుండి రాలెడిది. నేటి వంటయింటిలోనివి చాలవఱకు కొన్నవియే.

మనస్సునకును ఒక హద్దు కలదు. ఒక్కమారుగా మనస్సున నిలుపుకొనగలిగిన వస్తువుల సంఖ్య సుమారు 7 అని జార్జి మిల్లరు అను అమెరికా మనశ్శాస్త్రవేత్త 1956లో వ్రాసెను. అది అంతకంటెను తక్కువయే యని తరువాతి పరిశోధకులు కొందఱు తలంచిరి. వరుసగా చెప్పిన పేర్లలో మొదటివియు చివరివియు నిలుచును, నడిమివి జారిపోవును. పై గృహస్థునకు బెల్లము, ఆవాలు నడుమనే చెప్పబడినవని గమనింపుడు. తప్పు ఆయన బుద్ధిది కాదు. బుద్ధిపై మోయరాని బరువు నుంచుటయే తప్పు.

ఈ సత్యమును గొప్ప నేర్పరులు సయితము నష్టపడియే తెలిసికొనిరి. 1935 అక్టోబరు 30న అమెరికాలోని ఓహాయో రాష్ట్రమున బోయింగు సంస్థ నిర్మించిన ఒక పెద్ద విమానమును పరీక్షించుచుండిరి. నడిపినవాడు అనుభవశాలి. కాని విమానము నేలపై నున్నప్పుడు తోక రెక్కలు గాలికి కదలకుండ వేసిన బిగింపును తీయుట మఱచిరి. విమానము పైకి లేచి కూలిపోయెను, ఇద్దఱు మరణించిరి. ఆ పిమ్మట వైమానికులు బయలుదేరుటకు ముందు చేయవలసిన పనుల జాబితా నొకటి వ్రాసికొనిరి. నాటినుండి నేటివఱకు ఎంతటి ప్రవీణుడైనను ఆ జాబితాను చూడక విమానమును నడపడు. వైమానికునకు సిగ్గు కానిది గృహస్థునకు సిగ్గు ఎట్లగును?

నిజమునకు వ్రాత పుట్టినదే ఇట్టి యవసరము కొఱకు. నేటి ఇరాకు దేశములోని ఉరుకు నగరమున అయిదువేల యేండ్లకు పూర్వపు మట్టి పలకలు దొరకినవి. లోకమున దొరకిన మిక్కిలి ప్రాచీనమైన వ్రాతలలో అవి చేరినవి. వానిలో పెక్కింటియందున్నవి కావ్యములు కావు. యవలు, గొఱ్ఱెలు మున్నగువాని లెక్కలు.

చీటివలన మఱియొక మేలు కలదు. అది మఱపును పోగొట్టుటకంటె పెద్దది. తెలంగాణ పల్లెలలో ఉద్దెర యను మాట ఎఱుగనివారు అరుదు. చేత పైకము లేనపుడు సరకు తెచ్చికొని, పంట వచ్చిన పిమ్మట చెల్లించుటయే ఉద్దెర. ఆ లెక్క యుండునది దుకాణదారుని పుస్తకములో. నిజాము పాలనా కాలమున చదువురాని రైతులనేకులు వడ్డీ వ్యాపారి పత్రములో ఏమున్నదో యెఱుగకయే వేలిముద్ర వేసి, అప్పు పెరిగి భూములు పోగొట్టుకొనిరి. 1951 జనాభా లెక్కలనాటికి భారతదేశమున నూటికి సుమారు 18 మంది మాత్రమే అక్షరాస్యులు. వర్తకులందఱును మోసగాండ్రనుట న్యాయము కాదు. కఱవు కాలమున నమ్మి సరకిచ్చినవారును కలరు. కాని నిజాయితీపరుడు సయితము పొరబడవచ్చును. లెక్క రెండు చేతులలో నున్నపుడే అది లెక్క. కొన్న వస్తువు, తూకము, ధర, తేది గల చీటి ఇంట నున్నచో ఎవరును ఎవరిని అనుమానింప బనిలేదు.

చీటి వ్రాయుటకు తగిన చోటు దుకాణము కాదు, వంటయిల్లు. డబ్బాలు మూత తీసి చూచి వ్రాయవలెను. వస్తువు ప్రక్కన ఎంత కావలెనో వ్రాయవలెను. కొనినదానిని కొట్టివేయుచు పోవలెను. సూపరు మార్కెట్టులో పిల్లల కంటబడునట్లు మిఠాయిలు పేర్చియుందురు. అచట “ఇది చీటిలో లేదు” అనుట “పైకము లేదు” అనుటకంటె సులువు. కాగితమునకు బదులు సెల్‌ఫోనులో వ్రాసికొన్నను చీటియే. ఐనను చీటి శాసనము కాదు. రైతుబజారులో ఆనాడు టమాటాలు చవుకగా దొరకినచో కొనవచ్చును. అయితే ఏ ఖర్చును తగ్గించి కొనుచున్నదియు తెలిసియుండవలెను.

2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైన సిద్దిపేట చుట్టుప్రక్కల నేటికిని బడికి పోవు అవకాశము దొరకని తల్లులు పెక్కుమంది కలరు. వారి యింట చీటి వ్రాయదగినవారు ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలే. తల్లి చెప్పగా వ్రాయుటయు, వ్రాసినదానిని ఆమెకు చదివి వినిపించుటయు అర్ధగంట పని కాదు. పరీక్షలో మార్కులు తెచ్చు చదువు మంచిదే. ఇంటికి బెల్లము తెచ్చు చదువును మంచిదే.