గుండె మందుకు రక్తపరీక్ష తోడుండాలి

గుండె బలహీనపడి రక్తాన్ని తగినంత పంపలేని రోగుల ఆయుష్షును పొడిగించే మందులు నేడు ఖరీదైనవేమీ కావు. ఎనాలాప్రిల్, స్పిరోనోలాక్టోన్ మాత్రలు చౌకగానే లభిస్తున్నాయి. వాటి వెంట తప్పనిసరిగా జరగవలసిన రక్తపరీక్షే బస్తర్‌లోని బాసగూడ వంటి మారుమూల గ్రామాల రోగులకు దుర్లభం. మందు పంచి పరీక్షను మరవడం వైద్యం అనిపించుకోదు.

గుండె నీరసిస్తే మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గిందని అవి భ్రమించి, ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి. కాళ్లు వాచి, ఆయాసం పెరుగుతుంది. ఈ విషవలయాన్ని పై మందులు ఛేదిస్తాయి. ఆ క్రమంలోనే మూత్రపిండాల వడపోత కొంత మందగించి, రక్తంలో పొటాషియం పెరగవచ్చు. అది మితిమీరితే గుండె లయ తప్పి రోగి హఠాత్తుగా మరణించే ప్రమాదముంది.

తీవ్ర గుండె వైఫల్యంతో బాధపడేవారిలో స్పిరోనోలాక్టోన్ మరణాలను 30 శాతం తగ్గిస్తుందని 1999లో వెల్లడైంది. దరిమిలా కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో దాని వాడకం ఒక్కసారిగా పెరిగింది. పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరిన వృద్ధ హృద్రోగులు 1994లో వెయ్యికి 2.4 మంది ఉండగా, 2001 నాటికి 11 మందికి చేరారు. ప్రయోగశాలలకు కొదవలేని దేశంలోనే ఇలా జరిగింది!

అలాగని భయపడి మందు ఆపివేయడం అంతకంటె పెద్ద పొరపాటు. ఎనాలాప్రిల్ మొదలుపెట్టాక క్రియాటినిన్ 30 శాతం వరకు పెరగడం సాధారణంగా ఆశించదగిందే. ఒకటి రెండు వారాల్లో మళ్లీ పరీక్షించి, అవసరమైతే మోతాదు సవరిస్తే చాలు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు మాత్రం వైద్యుని సలహాపై తాత్కాలికంగా నిలపవలసి రావచ్చు. ఒళ్లునొప్పులకు ఆర్‌ఎంపీలు ధారాళంగా ఇచ్చే డైక్లోఫెనాక్ ఈ రోగుల మూత్రపిండాలకు మరింత చేటు.

తాలిపేరు ఒడ్డునున్న బాసగూడ, 2005లో మొదలైన సల్వాజుడుం కాలంలో ఖాళీ అయి, తర్వాత తిరిగి నిలదొక్కుకున్న ఊరు. దక్షిణ బస్తర్ ఆదివాసులు జబ్బు చేస్తే భద్రాచలం దాకా రావడం కొత్తేమీ కాదు. పరీక్ష కోసం పదే పదే అంత దూరం రమ్మనడం అర్థరహితం. రక్తం నమూనాను గతుకుల దారిలో గంటల తరబడి మోసుకుపోయినా ప్రయోజనం లేదు. కణాలు చిట్లి, లేని పొటాషియం ఉన్నట్టు కనిపిస్తుంది. నిమిషాల్లో ఫలితం చెప్పే చేతి పరికరాలు ఇప్పుడున్నాయి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం వాటిని ఆరోగ్య సిబ్బందికిచ్చి, జనం ఎలాగూ వచ్చే సంత రోజున పరీక్షలు జరిపించాలి. ఎన్ని మాత్రలు పంచారన్న లెక్కతోపాటు, ఎందరికి పొటాషియం, క్రియాటినిన్ చూశారన్నది కూడా అదే రిజిస్టరులో నమోదు చేయించాలి.