చిన్న విమానాలకు కళ్లే కాపలా: పిల్లల్ని పైలట్ శిక్షణకు పంపేముందు అడగాల్సిన ప్రశ్నలు

2025 జులై 8న కెనడాలోని మనిటోబా ప్రావిన్స్, స్టైన్‌బాక్ పట్టణం దగ్గర రెండు శిక్షణ విమానాలు గాల్లోనే ఢీకొన్నాయి. ఒకదానిలో కేరళ నుంచి వెళ్లిన 23 ఏళ్ల యువకుడు, ఇంకోదానిలో 20 ఏళ్ల కెనడా యువతి. టేకాఫ్, ల్యాండింగ్ సాధన చేస్తున్న ఆ ఇద్దరూ చనిపోయారు. రెండు విమానాల్లోనూ రేడియో ఉంది. అయినా ఒకే సమయంలో దిగబోతూ ఒకరినొకరు చూసుకోలేదనిపిస్తోందని శిక్షణ సంస్థ నిర్వాహకులు అప్పుడు చెప్పారు.

ఈ వార్త మన ఇళ్లకు దూరమైంది కాదు. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ కార్మికుడి కూతురు సల్వా ఫాతిమా పైలట్ అయ్యాక, మామూలు కుటుంబాల పిల్లలకూ ఆ కల దగ్గరైంది. లక్షలు పోసి విదేశాలకు పంపుతున్నవారూ ఉన్నారు. ఫీజు ఎంత, లైసెన్స్ ఎన్నాళ్లకు వస్తుంది అని అడుగుతారు గానీ, గాల్లో భద్రత గురించి అడిగేవారు తక్కువ.

పెద్ద విమానాల సంగతి వేరు. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదియా, కజకిస్తాన్ విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. వారిలో ఉపాధి కోసం సౌదీకి బయల్దేరిన భారతీయులు ఎందరో. ఆ తర్వాతే ఢీకొనే ముప్పును ముందే హెచ్చరించే టీకాస్ పరికరాన్ని మన దేశంలో తప్పనిసరి చేశారు. కానీ సెస్నా లాంటి చిన్న శిక్షణ విమానాల్లో చాలావాటికి అది ఉండదు. చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లలో కంట్రోల్ టవర్ కూడా ఉండకపోవచ్చు. అక్కడ పైలట్లే రేడియోలో తామెక్కడున్నదీ చెప్పుకోవాలి, కళ్లతో చూసి తప్పుకోవాలి.

చూసి తప్పుకోవడం అన్నంత తేలిక కాదు. ఎదుటి విమానం కంటపడ్డాక అదేంటో గుర్తించి, ఢీకొంటుందని గ్రహించి, ఎటు తిప్పాలో తేల్చుకుని, విమానం నిజంగా పక్కకు తిరిగేసరికి సుమారు 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ లెక్క. గంటకు 185 కిలోమీటర్ల వేగంతో రెండు విమానాలు ఎదురెదురుగా వస్తే, అంతలో వాటి మధ్య 1.3 కిలోమీటర్ల దూరం కరిగిపోతుంది. అంత దూరం నుంచి సెస్నా రెక్కల వెడల్పు దాదాపు చందమామంత కనిపిస్తుంది, అదీ సన్నటి గీతలా. రంజాన్ నెలవంక కోసం మేడెక్కినవారికి ఇది తెలుసు: ఎక్కడ వెతకాలో తెలియకపోతే ఎదురుగా ఉన్నా కంటికి ఆనదు.

ఇంకో చిక్కుంది. కదిలే వస్తువు కంటికి త్వరగా పడుతుంది. ఢీకొట్టే దారిలో ఉన్న విమానం మాత్రం అద్దంలో ఒకేచోట చుక్కలా నిలబడి ఉంటుంది. చివరి క్షణాల్లోనే ఒక్కసారిగా పెద్దదవుతుంది. అందుకే చూపును ఊరికే తిప్పితే చాలదు. ఆకాశాన్ని పది డిగ్రీల ముక్కలుగా అనుకుని, ఒక్కోచోట కనీసం ఒక సెకను ఆగి చూడాలని శిక్షణలో చెబుతారు. సెస్నా రెక్క పైన ఉంటుంది కాబట్టి తిరిగేటప్పుడు ఆ వైపు చూపును అదే మూసేస్తుంది. తిరగబోయే ముందే రెక్క కాస్త ఎత్తి చూసుకోవాలి.

అలాగని భారమంతా కళ్ల మీదే వేయలేం. 2025 జనవరి 29 రాత్రి వాషింగ్టన్‌లో ఆర్మీ హెలికాప్టర్ సిబ్బంది విమానం కనిపిస్తోందనే చెప్పారు. అయినా రెండూ ఢీకొని 67 మంది చనిపోయారు. చూపు, రేడియో, పరికరం మూడూ ఉండాలి. ఒకటి తప్పితే ఇంకొకటి కాపాడాలి.

కాబట్టి ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు నాలుగు మాటలు అడగాలి. ఎయిర్‌ఫీల్డ్‌లో టవర్ ఉందా? చుట్టుపక్కల విమానాలను తెర మీద చూపే ఏడీఎస్-బీ సదుపాయం శిక్షణ విమానాల్లో ఉందా? ఒకేసారి రన్‌వే చుట్టూ ఎన్ని విమానాలను తిరగనిస్తారు? ఒంటరిగా ఎగరనిచ్చే ముందు, బయటికి చూసే అలవాటును ఎలా పరీక్షిస్తారు?

సూటిగా జవాబు చెప్పలేని సంస్థ ఫీజు ఎంత తగ్గించినా అది లాభం కాదు. పిల్లలకూ ఒక మాట గట్టిగా చెప్పాలి: కాక్‌పిట్‌లో ఎన్ని తెరలున్నా, ఎక్కువసేపు చూడాల్సింది అద్దం బయటికే.