శుక్రవారం లోహండీగూడ దారిలో 40 దాటకండి

హైదరాబాదు నుంచి, విశాఖ నుంచి, విజయవాడ నుంచి పెద్ద కార్లేసుకుని బస్తరు చూడ్డానికి వస్తున్న అన్నలారా, తమ్ముళ్లారా! కోంటాలో, సుక్మాలో, భోపాలపట్నంలో, కిరందుల్ గని కాలనీల్లో, జగదల్‌పూర్ బజారులో తెలుగు మాట్లాడుకుంటూ బతుకుతున్న మనవాళ్లారా! ఈ కాగితం మీ అందరికీ. స్టీరింగు పట్టుకున్నవాళ్లకి కొన్ని మాటలు, రోడ్డు పక్క కాపురమున్నవాళ్లకి కొన్ని మాటలు. రెండూ కాస్త ఘాటుగానే ఉంటాయి. చదివి కోప్పడండి, కానీ చివరిదాకా చదవండి.

30వ నంబరు జాతీయ రహదారి ఎక్కడో ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో పుట్టి, రాయ్‌పూర్, కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్, కొండగావ్, జగదల్‌పూర్ దాటి, దర్భా అడవిలోంచి సుక్మా, కోంటా చేరి, చింతూరు, భద్రాచలం మీదుగా విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం దాకా వస్తుంది. ఇంకోవైపు ములుగు, ఏటూరునాగారం నుంచి 163వ నంబరు రోడ్డు గోదావరి దాటి భోపాలపట్నంలో తేలుతుంది. ఈ ప్రాంతంలో రోడ్డంటే ఊరికే వచ్చింది కాదు. దోర్నపాల్ – జగర్‌గుండా రోడ్డు పనికి కాపలా ఉన్న సీఆర్‌పీఎఫ్ జవాన్లు 25 మంది 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంత ఖరీదు పెట్టి వేసుకున్న తారు మీద మళ్లీ మనుషుల్ని చంపుకోవాలా?

ఒకప్పుడు ఈ దారుల్లో గుంతలే స్పీడ్ బ్రేకర్లు. 40 దాటాలన్నా దాటలేకపోయేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల రోడ్డు నున్నగా ఉంది, ఎదురుగా బండి లేదు, రెండువైపులా సాల్ చెట్లు, కారులో పాట. కాలు దానంతటదే కిందికి దిగుతుంది. రోడ్డు మారింది గానీ ఊళ్లు అక్కడే ఉన్నాయి. ఊరి మనిషికి నడవడానికి వేరే బాట లేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే ఆడవాళ్లు, పిల్లలు ఇప్ప పువ్వు ఏరడానికి బుట్టలతో ఈ తారు అంచునే పోతారు. మేలో తునికాకు కట్టలు నెత్తిన పెట్టుకుని ఈ అంచునే వస్తారు. శుక్రవారం వచ్చిందంటే లోహండీగూడ సంతకి కావళ్లతో, కోళ్లతో, చంకలో బిడ్డలతో వరసలు వరసలుగా జనం. మీరు చిత్రకోట జలపాతానికి పోయేది ఆ వైపే. రాత్రయితే తారు వెచ్చగా ఉంటుందని పశువులు రోడ్డు మధ్యనే పడుకుంటాయి. ఈ పశువుల గొడవ ఎంతదాకా పోయిందంటే, ఛత్తీస్‌గఢ్ హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుని సర్కారుని నిలదీయాల్సి వచ్చింది.

జగదల్‌పూర్ నుంచి చిత్రకోట 40 కిలోమీటర్లకి అటూఇటూ. 100లో పోతే 24 నిమిషాలు, 60లో పోతే 40 నిమిషాలు. మిగిలేది 16 నిమిషాలు. ఇంద్రావతి ఆ కొండ మీంచి ఎన్ని యుగాల్నుంచి దూకుతోందో ఎవరికీ తెలీదు. ఆ పదహారు నిమిషాల్లో దూకడం మానెయ్యదు.

ఇక కారు సంగతి. డబ్బు పెట్టి కొన్న కారు బలంగా ఉండటం తప్పు కాదు. ఆ బలం ఏం చేస్తుందో తెలియకపోవడమే ప్రమాదం. 40లో పోతున్నప్పుడు ఎదురుగా మేక కనబడితే, బ్రేకు మీదికి కాలు వచ్చేసరికి ఒక సెకను పోతుంది, అప్పటికే కారు 11 మీటర్లు జరిగిపోతుంది. ఆపైన పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 9 మీటర్లు. మొత్తం 20. 80లో అయితే ఆ లెక్క దాదాపు 57 మీటర్లు. 120లో 110 దాటుతుంది. వేగం రెండింతలైతే బ్రేకు తినే దూరం నాలుగింతలవుతుంది. మలుపులో కారుని బయటికి లాగే బలం కూడా నాలుగింతలే. డిప్పర్ లైటులో మీకు రోడ్డు మీద స్పష్టంగా కనిపించేది 50 మీటర్లయితే గొప్ప. అంటే రాత్రిపూట 80 దాటినవాడు తనకి కనబడని రోడ్డు మీద కారు తోలుతున్నాడు. ఎంత ఖరీదైన బ్రేకులున్నా ఈ లెక్క పెద్దగా మారదు.

ఇక్కడ కార్లు ఎక్కువగా పట్టు తప్పేది మలుపు నడిమధ్యలో కాదు, తారు అంచు దగ్గర. రెండు లేన్ల రోడ్డు, పక్కన ఎర్రమట్టి బెర్ము, వానకి కోసుకుపోయి తారు కంటే జానెడు కిందికి దిగి ఉంటుంది. ఎదురు లారీకి దారిస్తూ ఎడమ చక్రం అందులోకి జారుతుంది. డ్రైవరు గాభరాపడి స్టీరింగు కుడికి గట్టిగా లాగుతాడు. అంచుకి రాసుకుంటూ నిలిచిన టైరు ఒక్కసారిగా పైకెక్కుతుంది, కారు అడ్డంగా తిరిగి ఎదురు లేన్లోకో, పల్టీకో పోతుంది. ఎత్తు ఎక్కువున్న ఎస్‌యూవీ అయితే పల్టీకే మొగ్గు. చేయాల్సింది చాలా చిన్న పని: చక్రం దిగితే దిగనివ్వండి. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, వేగం బాగా తగ్గాక మెల్లగా తారెక్కండి. అద్దం గీసుకుపోయినా, పొద తగిలినా పర్వాలేదు.

తొలకరి రోజుల్లో ఇంకా జాగ్రత్త. ఎండాకాలమంతా పడిన దుమ్ము, డీజిలు చుక్కలు, ట్రాక్టరు టైర్లు పొలంలోంచి తెచ్చిన ఎర్రమట్టి, మొదటి జల్లుకి కలిసి రోడ్డు మీద పేస్టులా పరుచుకుంటాయి. ఎలక్ట్రిక్ కార్లలో, టర్బో డీజిళ్లలో బలం ఒక్కసారిగా చక్రాలకి దిగుతుంది. ఓవర్‌టేక్ కోసం తడి మలుపులో కాలు అదిమారంటే చక్రాలు పట్టు వదిలేస్తాయి. కారులో ఉన్న కంప్యూటరు కొంత కాపాడుతుంది, నిజమే. టైరుకీ రోడ్డుకీ మధ్య పట్టే లేనప్పుడు అది మాత్రం ఏం చేస్తుంది? కేశ్‌కాల్, దర్భా ఘాట్లు దిగేటప్పుడు బ్రేకు తొక్కిపెట్టి దిగకండి, వేడెక్కి పనిచెయ్యడం మానేస్తుంది. చిన్న గేరులో దిగండి. చాలా ఆటోమేటిక్ కార్లకీ మాన్యువల్ మోడ్ ఉంటుంది, కొన్న రోజున షోరూములో చెప్పే ఉంటారు.

వాగుల మాట వేరే చెప్పాలి. 2025 ఆగస్టు చివర్లో దర్భా ప్రాంతంలో వరద నీటిలోకి దిగిన ఒక కారు కొట్టుకుపోయి, భార్యాభర్తలు, ఇద్దరు కూతుళ్లు పోయారు. అడుగు లోతు ప్రవాహం చాలు చిన్న కారుని కదిలించడానికి. రెండడుగుల ప్రవాహం ఎస్‌యూవీలతో సహా చాలా బళ్లని తీసుకుపోతుంది. నీళ్లలో కారు తేలడం మొదలెట్టాక ఇంజను బలం దేనికీ పనికిరాదు. కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే ఆగిపోండి. అవతల చాయి హోటలు ఉంటుంది, ఇవతలా ఉంటుంది.

పేరున్నవాళ్లు, మంచి కార్లున్నవాళ్లు, అనుభవమున్నవాళ్లు కూడా రోడ్డు మీదే పోయారు. నటుడు నందమూరి హరికృష్ణ గారు 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర తానే కారు నడుపుతూ చనిపోయారు. సీటు బెల్టు పెట్టుకోలేదు. 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీటులో కూర్చుని, బెల్టు లేకుండానే పోయారు; అది మెర్సిడెస్ కారు. 2019 నవంబరు 23న హైదరాబాదు బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద, 40 దాటకూడని మలుపులో నూటికి అటూఇటూ వేగంతో వచ్చిన కారు గోడ దాటి కింద పడింది. కారులో ఉన్నతను బతికాడు. కింద రోడ్డు పక్కన నిలబడిన ఆడమనిషి చనిపోయింది. మేం ఈ కాగితం వేసింది ఆమెలాంటి వాళ్ల కోసం. బస్తరు రోడ్ల పక్కన అందరూ ఆమెలాగే నిలబడి ఉన్నారు. బలమున్న కారులో గాలి సంచులు, ఇనుప చట్రం, బెల్టు ఉంటాయి. ఇప్ప పువ్వు బుట్ట మోసే మనిషికి ఒంటిమీద చీరే ఉంటుంది.

ఇప్పుడు మనవాళ్లకి. రాజకీయ నాయకురాలు శోభా నాగిరెడ్డి గారి సంగతి గుర్తుందా? 2014 ఏప్రిల్ 23 రాత్రి ఆళ్లగడ్డ దగ్గర రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం కుప్పల్ని తప్పించబోయి ఆమె కారు పల్టీ కొట్టింది. మర్నాడు ఆమె కన్నుమూశారు. మనం ఏం చేస్తున్నాం? నవంబరు రాగానే వడ్లు రోడ్డు మీద, ఏప్రిల్‌లో ఇప్ప పువ్వు రోడ్డు మీద. గాలికి పోకుండా చుట్టూ బండరాళ్లు. ధాన్యం ఎత్తుకుపోయాక ఆ రాళ్లు అక్కడే వదిలేస్తాం. రాత్రి వచ్చేవాడికి ఆ రాయి కనబడదు. తప్పు కారుదే అని అరిచేముందు ఆ రాయి ఎవరిదో కూడా అడుగుదాం. సామాన్లు మోసే పికప్పుల్లో ముప్పై మంది ఎక్కడం కూడా మానాలి. 2024 మే 20న కబీర్‌ధామ్ జిల్లాలో తునికాకు కోసుకుని పికప్పులో తిరిగొస్తున్న బైగా ఆదివాసులు 19 మంది లోయలో పడి చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లే.

ఇంకో మాట, ఇది చెప్పక తప్పదు. గుద్దిన కారు ఆగితే డ్రైవర్ని కొట్టకండి, కారు తగలబెట్టకండి. కొడతారన్న భయంతోనే చాలామంది ఆగకుండా పారిపోతున్నారు, రోడ్డు మీద పడ్డ మనిషి అక్కడే నెత్తురోడుతూ ఉండిపోతున్నాడు. ముందు 108కి, 112కి ఫోను కొట్టండి. నంబరు ప్లేటు ఫోటో తీయండి. గాయపడ్డవాడిని ఆస్పత్రికి తెచ్చినవాళ్లని పోలీసులు గానీ, డాక్టర్లు గానీ ఇబ్బంది పెట్టకూడదని మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షను చెబుతోంది. పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్లకి గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం చేయాలని కేంద్రం 2025లో పథకం పెట్టింది. జగదల్‌పూర్ దగ్గరి డిమ్రాపాల్ మెడికల్ కాలేజీకి తీసుకెళ్లినా, కోంటా నుంచి భద్రాచలం తీసుకెళ్లినా ఆ పథకం కింద చేర్చమని గట్టిగా అడగండి. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే, చనిపోయినవాళ్ల కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడ్డవాళ్లకి 50 వేలు రావాలి. ఎఫ్ఐఆర్ కాపీతో ఎస్‌డీఎం లేదా తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. బండి దొరికితే క్లెయిమ్స్ ట్రిబ్యునల్లో కేసు వెయ్యాలి, ఆరు నెలలు దాటనివ్వకండి. మధ్యలో ఎవడో వచ్చి “పాతిక వేలు తీసుకుని రాజీపడు” అంటే ఆ కాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దు.

కారు నడిపేవాళ్లకీ చట్టం తెలియాలి. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో నాలుగు లేన్లు కాని మామూలు రోడ్ల మీద కారుకి గరిష్ఠ వేగం 70. అది పైహద్దు. సంత రోజున, మలుపులో, ఊరి మధ్యలో 70 కూడా ఎక్కువే. ప్రమాదం చేసిన డ్రైవరు గాయపడ్డవాడికి వైద్యం అందేలా చూడాలని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను చెబుతోంది. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద ఐదేళ్ల దాకా జైలు.

సర్కారుని అడగాల్సినవి ఉన్నాయి. ప్రతి జిల్లాలోనూ కలెక్టరు పెద్దగా రోడ్డు భద్రతా కమిటీ ఉంది. దానికి మనం ఇవ్వబోయే అర్జీలో అడిగేవి ఇవి: సంత జరిగే ఊళ్లకి అటు అర కిలోమీటరు, ఇటు అర కిలోమీటరు రంబుల్ స్ట్రిప్పులు, హిందీతోపాటు తెలుగులోనూ, ఒడియాలోనూ 40 బోర్డులు. తారు అంచున కోసుకుపోయిన బెర్ము వానలకి ముందొకసారి, వెనకొకసారి మట్టి పోసి దిమ్మిస కొట్టించడం. శుక్రవారం చిత్రకోట దారిలో ఒక పోలీసు, చేతిలో స్పీడ్ గన్. పశువుల మెడలకి రాత్రి మెరిసే పట్టీలు. మొత్తం కలిపినా ఒక పెద్ద ఎస్‌యూవీ ఖరీదుకి మించి ఎక్కువ కాదని మా అంచనా. తప్పయితే ఇంజనీర్లు సరిదిద్దనీ.

ఇది రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ఆదివాసీ ప్రాంతం. ఇలాంటి ప్రాంతాల గ్రామసభలకి అధికారాలిచ్చే పెసా చట్టానికి ఛత్తీస్‌గఢ్ 2022లో నియమాలు చేసింది. గ్రామసభ తీర్మానానికి ఇక్కడ బరువుంది. కాబట్టి ఒక్కో ఊరు ఒక్కో తీర్మానం చేసి, కలెక్టరు జనం అర్జీలు తీసుకునే జన్‌దర్శన్ రోజున మనమే చేతికివ్వాలి. ఒక ఊరి కాగితమైతే ఫైలులో పడి ఉంటుంది, ఇరవై ఊళ్ల వాళ్లు వరండాలో కూర్చుంటే ఫైలు కదులుతుంది.

ఈ అర్జీ మీద బయటినుంచి వచ్చినవాళ్లు కూడా సంతకం పెట్టొచ్చు. మీకు మేం చెప్పేది ఇంతే: వెనక సీటులో ఉన్నవాళ్లతో సహా బెల్టులు పెట్టుకోండి, ఊరు కనబడగానే కాలు తీసెయ్యండి, శుక్రవారం లోహండీగూడ దగ్గర 40 దాటకండి. ఆపి, ఒక దొన్నె జీలుగు కల్లు రుచి చూసి పోండి. తాగితే మాత్రం తాళం చెవి ఇంకొకరి చేతిలో పెట్టండి.

సంతకాల కాగితాలు శుక్రవారం లోహండీగూడ సంతలో ఉప్పు అమ్మేవాళ్ల వరస పక్కనే, ఆదివారం జగదల్‌పూర్ సంతలో ఉంటాయి. రాయడం రానివాళ్లు వేలిముద్ర వెయ్యొచ్చు, ఇంకు ప్యాడ్ మేమే తెస్తాం.

ఇట్లు,
రోడ్డు పక్క ఊళ్లలో ఉంటున్న తెలుగువాళ్లు