ఉరుముకి వణికే ముసలి కుక్క

ప్రశ్న: మాది పుల్లలచెరువు. మా ఇంట్లో రాజు అనే నాటుకుక్క ఉంది. వయస్సు పదకొండేళ్ళు. ఇదివరలో ఉరుము వినపడితే చెవులు రిక్కించేదే తప్ప బెదిరేది కాదు. కిందటేడు నుంచీ మబ్బు పట్టిందంటే చాలు, వణుకు, రొప్పు, నోటివెంట చొంగ. తలుపులు గీరుతుంది. మంచం కింద దూరి గంటలకొద్దీ బయటికి రాదు. మొన్న గాలివాన వచ్చినప్పుడు మా ఆరేళ్ళ మనవడు దాన్ని బయటికి లాగబోతే చెయ్యి కరిచింది. రెండు పళ్ళు దిగి కాస్త రక్తం వచ్చింది. పసుపు అద్దాము. ఇంటి కుక్కే కదా అని ఇంజక్షన్లు వేయించలేదు. మావారు దాన్ని నల్లమలలో వదిలేసి వస్తానంటున్నారు. మా అత్తగారి నిద్రమాత్ర సగం పెడితే పడి ఉంటుందని పక్కింటివారి సలహా. దగ్గరకు తీసుకుని నిమిరితే భయం ఇంకా ముదురుతుందని కూడా అంటున్నారు. పదకొండేళ్ళు మా గుమ్మం కాచిన ప్రాణి. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు, పుల్లలచెరువు

జవాబు: అమ్మా, మీరు కుక్క గురించి అడిగారు. నేను ముందు మనవడి గురించి చెబుతాను. ఈ పేజీ పక్కన పెట్టి, పిల్లవాణ్ణి ఈరోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఇంటి కుక్క, వీధి కుక్క అన్న తేడా రేబిస్‌కు తెలియదు. రాజుకు ఏటా టీకా వేయిస్తున్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. రక్తం వచ్చిన కాటు కనుక టీకాతోపాటు గాయంలోనూ గాయం చుట్టూనూ ఎక్కించే సీరం కూడా అవసరమని అక్కడి డాక్టరు చెప్పవచ్చు. టీకా ఒక్క సూదితో అయిపోదు. మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టి ఆ తర్వాత 3, 7, 28 రోజుల్లో వేయడం మన ఆసుపత్రుల్లో వాడుక. గాయం మానిందని మధ్యలో మానకూడదు. "ఇప్పటికే చాలా రోజులైంది, ఇంకెందుకులే" అనుకోవద్దు. ఆలస్యమైనా వేయించవలసిందే. ఈ జబ్బు లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టినవారు దాదాపు లేరు.

కరిచిన కుక్కను పది రోజులు గమనించాలంటారు. అది నిజమే. కాని అది టీకా ఆపుకుని చూసే పది రోజులు కాదు. అందుకోసమైనా రాజు మీ కళ్ళ ఎదుట ఉండాలి. నల్లమలలో వదిలేస్తే ఎవరిని గమనిస్తారు? ఇకముందు ఎవరికి ఏ కాటు పడినా పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏదీ పెట్టకండి. కుళాయి కిందో, చెంబుతో ధారగా పోస్తూనో సబ్బుతో పావుగంటసేపు కడగండి. గడియారం చూసి కడగండి. పావుగంట మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువసేపు.

ఇక రాజు సంగతి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట "ఇదివరలో బెదిరేది కాదు" అన్నది. చిన్నప్పటినుంచీ ఉరుముకి జడిసే కుక్క వేరు. పదేళ్ళు నిబ్బరంగా ఉండి, ముసలితనంలో కొత్తగా జడవడం మొదలుపెట్టిన కుక్క వేరు. రెండవదానికి భయం వెనక ఏదో శరీర బాధ ఉండే అవకాశం ఎక్కువ. అన్నిటికన్నా ముందు అనుమానించవలసింది కీళ్ళ నొప్పి. ఉరుము ఉరిమినప్పుడు కుక్క ఒక్కసారిగా ఉలిక్కిపడి ఒళ్ళంతా బిగదీసుకుంటుంది. తుంటిలోనో, మోకాలిలోనో, వెన్నులోనో వాపు ఉంటే ఆ బిగింపుకి కలుక్కుమంటుంది. నాలుగుసార్లు అలా జరిగేసరికి ఉరుమే తనను పొడుస్తోందని దాని మనస్సులో పడిపోతుంది. ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయంవారు బ్రెజిల్ పరిశోధకులతో కలిసి 2018లో ఇటువంటి కుక్కలను ఇరవైంటిని పోల్చి చూశారు. కీళ్ళ, కండరాల నొప్పి ఉన్న కుక్కల్లో శబ్దభయం మిగతావాటికన్నా పెద్ద వయస్సులో మొదలైనట్టు తేలింది. నొప్పికి వైద్యం చేశాక చాలావాటికి భయమూ తగ్గింది. ఇరవై కుక్కలంటే చిన్న లెక్కే. అయినా మీ రాజు కథ దానికి అతికినట్టుంది.

కనుక వాన లేని రోజుల్లో దాని నడక చూడండి. పొద్దున్న లేవడానికి రెండు మూడుసార్లు ప్రయత్నిస్తోందా? ఇదివరకు గెంతి ఎక్కిన అరుగు ముందు నిలబడి ఆలోచిస్తోందా? ఒకే కీలును పదే పదే నాకుతోందా? వెనక కాళ్ళు నున్నటి బండల మీద జారుతున్నాయా? ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పశువుల డాక్టరుకు చూపించండి. కుక్క మూలుగుతేనే నొప్పి అనుకోకండి. ముసలి కుక్కలు చాలా ఓర్చుకుంటాయి.

చెవి, కన్ను కూడా చూపించాలి. వయస్సుతో కుక్కకు ముందుగా తగ్గేది సన్నని కీచు శబ్దాలు వినే శక్తి. మీ పిలుపు సరిగా వినపడకపోయినా ఉరుము మోత మాత్రం నేల అదిరి మరీ తెలుస్తుంది. కంట్లో శుక్లం వస్తే మెరుపు తప్ప మిగతాది మసక. ఇంకా ఒకటుంది. మనుషులకు మతిమరుపు వచ్చినట్టే ముసలి కుక్కలకూ వస్తుంది. రాత్రిళ్ళు నిద్రలేకుండా తిరగడం, తెలిసిన గదిలోనే మూల చూసుకుంటూ నిలబడిపోవడం, ఎన్నడూ లేనిది ఇంట్లో మూత్రం పోయడం దాని గుర్తులు. ఇవి ఉంటే అదీ డాక్టరుకు చెప్పండి.

మీ ఊళ్ళో పశువుల డాక్టరు దొరకకపోతే 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. రక్తపరీక్ష, ఎక్స్‌రే కావలసివస్తే గన్నవరం, తిరుపతి, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. మీకు దూరమే, కాదనను.

నిద్రమాత్ర మాటకు వద్దాం. పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రమా అని మన సామెత. అత్తగారికి నిద్ర పట్టించే మాత్ర రాజుకు ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. కొన్ని కుక్కలు నిద్రపోవడానికి బదులు పిచ్చెత్తినట్టు తిరుగుతాయి. పశువైద్యంలో కూడా ఒకప్పుడు ఎసిప్రొమజిన్ అనే మందు ఒక్కటే ఇచ్చేవారు. అది ఒంటిని పడేస్తుందే తప్ప భయాన్ని తీయదు. కదలలేని కుక్క లోపల హడలిపోతూనే ఉంటుంది. ఇప్పుడు భయాన్నే తగ్గించే మందులు వచ్చాయి. ఆల్ప్రజోలం, ట్రజోడోన్, గాబాపెంటిన్ వంటివి పశువైద్యులు వాడుతున్నారు. మోతాదు ఈ పేజీలో రాయను. ముసలి కుక్కకు కాలేయం, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చూసి నిర్ణయించవలసిన సంగతి అది. మీరు డాక్టరును రెండు విషయాలు అడగండి. వానకు ఎంత ముందు ఇవ్వాలి? మబ్బు లేని రోజున ఒకసారి ఇచ్చి ఎలా ఉంటుందో చూడవచ్చా? ఎందుచేతనంటే, వణుకు మొదలయ్యాక ఇచ్చిన మాత్ర చాలాసార్లు వృథా అవుతుంది.

కీళ్ళనొప్పి అన్నాను కదా అని ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ పెట్టేరు. వద్దు. కుక్కలకు వాటితో కడుపులో పుండ్లు పడి రక్తం పోవడం, కాలేయమో మూత్రపిండాలో దెబ్బతినడం జరుగుతుంది. (డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తినే మన రాబందులు దాదాపు అంతరించాయి. 2006లో ఆ మందును పశువులకు వాడకుండా నిషేధించింది అందుకే.) కుక్కల కోసమే తయారైన నొప్పిమందులు ఉన్నాయి. అవి రాయించుకోండి.

దగ్గరకు తీసుకుంటే భయం ముదురుతుందన్నది పాతకాలపు అపోహ. భయం అలవాటు కాదు, బిస్కట్టు పెట్టి నేర్పేది కాదు. ఉరుముకి జడిసిన పసిపిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకుంటే వాడు పిరికివాడవుతాడా? మనమే పిడుగు పడితే అర్జునుడి పేర్లు చదువుకుంటాము. రాజు తనంతట తాను మీ పక్కకు వస్తే నెమ్మదిగా, పొడుగ్గా నిమరండి. రాకపోతే వదిలేయండి. మంచం కింద దూరిందంటే అదే దానికి కోట. అందులోకి ఎవరూ చెయ్యి పెట్టకూడదు, ముఖ్యంగా పిల్లలు. మీ మనవడిని కరిచింది కోపంతో కాదు, వెనక్కి పోవడానికి చోటు లేక. అయినా ఆ కాటు కాటే. కనుక గాలివాన ఉన్నంతసేపూ పిల్లలకూ కుక్కకూ మధ్య ఒక తలుపు ఉండాలి. తిట్టడం, కర్ర చూపించడం మాత్రం నిజంగానే భయాన్ని రెట్టింపు చేస్తాయి.

ఆ కోటనే కాస్త బాగుచేయండి. రేకుల వసారా వద్దు. చినుకు పడితేనే అది డప్పులా మోగుతుంది. కిటికీలు తక్కువగా ఉన్న నడిమి గదిలో, నేల మీద గోనెపట్టా పరచి, దాని మీద మీ పాత బొంత వెయ్యండి. మీ వాసన ఉన్న గుడ్డ దానికి ధైర్యం. కాళ్ళు జారవు, కీళ్ళకూ సుఖం. మబ్బు పట్టగానే కిటికీలు మూసి లైటు వెయ్యండి. వెలుతురులో మెరుపు అంతగా కొట్టదు. ఫ్యాను, రేడియో మామూలు గొంతుతో పెట్టండి. మామూలు రోజుల్లో కూడా ఆ బొంత మీదే ఉడికిన గుడ్డు ముక్కో, దానికి ఇష్టమైనదేదో పెడుతూ ఉండండి. ఉరుముల వేళ కూడా అదే పెట్టి చూడండి. తింటే భయం అదుపులో ఉందన్నమాట. ఎంత ఇష్టమైనదైనా మూతి తిప్పుకుంటే మందు అవసరమని డాక్టరుకు చెప్పవలసిన గుర్తు.

ఫోనులో ఉరుముల చప్పుడు సన్నగా వినిపించి అలవాటు చేసే పద్ధతి ఒకటుంది. లేత కుక్కలకు కొంత పనిచేస్తుంది. వారాల తరబడి ఓపికగా, వానలు లేని మాఘ, ఫాల్గుణాల్లో చేయవలసిన పని. నొప్పి సంగతి తేలకుండా రాజు మీద ఈ ప్రయోగం నేను చేయమనను.

మీ మార్కాపురం ప్రాంతంలో ఎండాకాలం మధ్యాహ్నాలు మండి, సాయంత్రానికి గాలిదుమారంతో ఉరుములు రావడం మీకు కొత్త కాదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల్లో 36,749 పిడుగులు పడినట్టు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ లెక్కగట్టింది. కనుక రోజూ మధ్యాహ్నమే రాజును బయటికి తిప్పి తీసుకురండి. ఫోనులో పిడుగు హెచ్చరిక వస్తే మాత్రకు అదే వేళ. పుణేలోని వాతావరణ సంస్థవారి దామిని యాప్ కూడా ఉపయోగిస్తుంది. ఒకవేళ కుక్క గోడ దూకి పారిపోతే వానలో వెతకడానికి వెళ్ళకండి. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయలుదేరండి. మెడపట్టీ మీద మీ ఫోను నంబరు రాసి ఉంచండి.

మీవారికి ఒక మాట. తిండీ నీళ్ళూ దొరకని చోట పెంపుడు జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, నల్లమల పులులూ చిరుతలూ తిరిగే అడవి. వెనక కాళ్ళు పట్టుకుపోయిన కుక్క అక్కడ ఎన్ని రోజులుంటుందో ఆయనకు నాకన్నా బాగా తెలుసు. వైద్యం చేయించాక కూడా బాధ తగ్గక, బతుకే నరకమైతే, నొప్పి లేకుండా సాగనంపే మార్గం పశువైద్యుడి చేతిలో ఉంది. రాజు విషయంలో ఇంకా మొదటి పరీక్షే కాలేదు.

ఇదే విషయం మీద గిద్దలూరు నుంచి ఒక పాఠకుడు రాశారు. తమ ముసలి కుక్కను పగలూ రాత్రీ వేపచెట్టుకు గొలుసుతో కడతారట. ఉరుములప్పుడు గింజుకుని మెడ కోసుకుపోతోందట. గొలుసు మార్చాలా అని అడిగారు. మార్చవలసింది గొలుసు కాదండీ, చోటు. పిడుగు వేళ చెట్టుకిందికి మనుషులను వెళ్ళవద్దంటాము, కుక్కకూ అంతే. మబ్బు కనపడగానే విప్పి ఇంట్లోకి తీసుకురండి. మెడ పుండుకు ఉప్పునీళ్ళతో శుభ్రం చేసి, ఈగలు వాలకముందే డాక్టరుకు చూపించండి. పుండు మానేదాకా మెడపట్టీ వెయ్యకండి.