రాళ్లు తిరుగవేయుట – బియ్యము గాలించుట

ఒక వస్తువును పట్టువదలక వెదకుటను తెలుపుటకు ఆంగ్లమున పలుకుబడులు పెక్కు కలవు. వానిలో మన అనువాద పరీక్షలకు మిక్కిలి ప్రియమైనది ‘లీవ్ నో స్టోన్ అన్‌టర్న్‌డ్’. “తిరుగవేయని రాయి లేదు” అని విద్యార్థి వ్రాయును. ఉపాధ్యాయుడు మార్కులు వేయును. ఆ వాక్యపు లిపి మాత్రమే తెలుగు.

నిజమునకు ఆ రాయి ఆంగ్లేయులదియు కాదు. క్రీ. పూ. 479లో ప్లేటియా యుద్ధమున పారసీక సేనాని మర్దోనియస్ హతుడయ్యెను. అతడు గుడారము క్రింద నిధి పాతిపెట్టెనని వదంతి పుట్టినది. థీబ్స్ నగరవాసి పొలిక్రటీస్ ఎంత త్రవ్వినను దొరకక, డెల్ఫీ ఆలయమున ప్రశ్న యడిగెనట. ప్రతి రాతిని కదల్పుమని సమాధానము వచ్చెనట. ఈ గ్రీకు సామెతను ఎరాస్మస్ పండితుడు తన సామెతల సంపుటమున చేర్చెను.

‘రాన్‌సాక్’ అను క్రియ ప్రాచీన నార్స్ భాషనుండి వచ్చినది. ఇల్లు, వెదకుట అను రెండు మాటల కలయిక యది. ఇల్లు సోదా చేయుట మొదటి యర్థము. కొల్లగొట్టుట తరువాత చేరినది. సోదాకు వచ్చినవారి చేతివాటము నెఱిగిన వారికి ఈ పరిణామము వింత గొలుపదు!

గడ్డివాములో సూది మాత్రము మన భాషలో చక్కగా ఇమిడినది. మన పల్లెలలోను వాములుండుటయే కారణము. పూర్వము ఆంగ్లేయులు గడ్డిమోపులో సూది యనెడివారు. ఆ మోపునకు నాటి పేరు ‘బాటిల్’. నిఘంటువు తెఱవని విద్యార్థి ఆ సూదిని సీసాలో వెదకును.

మనకు ‘జల్లెడపట్టుట’ కలదు, ‘గాలించుట’ కలదు. బియ్యమును నీటిలో త్రిప్పుచు, రాళ్లను అడుగున నిలిపి, గింజలను వేఱు పాత్రలోనికి జార్చుటయే గాలింపు. గ్రీకువాడు నిధికై రాతిని కదల్చెను. తెలుగు ఇల్లాలు గింజకై రాతిని విడిచినది. “ఊరంతయు గాలించితిమి” అన్నచో ఆమె ఓర్పంతయు ఆ మాటలో నున్నది.

నేడు యంత్రములే రాళ్లేఱిన బియ్యము సంచులలో వచ్చుచున్నది. దొంగకై పోలీసులు గాలించుచున్నారని పత్రికలో చదువు బాలుడు, ఆ మాట గాలినుండి పుట్టినదని తలచినచో తప్పు వానిది కాదు. ఉపాధ్యాయులు ఒకనాడు తరగతికి రెండు గిన్నెలు, చెంబెడు నీరు, రాళ్లు కలిపిన గుప్పెడు బియ్యము తెప్పింపవలెను. పిల్లలచేత గాలింపజేసిన పిమ్మట ఆ ఆంగ్ల వాక్యమునే అనువాదమునకు ఇయ్యవలెను.