సరదా ఎవరికి?

"సరదాకేగా, ఎందుకంత ఉడుక్కుంటావ్?" అంటారు. ఉడుక్కోవాల్సింది ఎప్పుడూ ఒకవైపు వాళ్ళేనా?

మా జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టు దాటితే కోదాడ. అటూ ఇటూ చుట్టరికాలే, యాసా కొంత కలిసిందే. విజయవాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నేను నోరు తెరిస్తే చాలు, సినిమా రౌడీని దింపేసేవాళ్ళు.

రౌడీకీ కమెడియన్‌కీ తెలంగాణ యాస, హీరోకి కృష్ణా గుంటూరు మాట పంచిపెట్టింది మన సినిమానే. 2017లో 'ఫిదా' నాయిక అదే యాస మాట్లాడితే హాళ్ళు నిండాయి. అంటే నవ్వు యాసలో లేదు, పంపకంలో ఉంది.

అదే ఏడాది సర్దార్జీ జోకుల కేసులో సుప్రీంకోర్టు, పౌరులకు నైతిక నియమాలు మేం పెట్టలేమంది. (ఆ జోకులు నేనూ ఫార్వర్డ్ చేశాను, ఒప్పుకోవాలి.) సరే, నాకూ కోర్టు అక్కర్లేదు. 'సరదాకే' అనే మిత్రుడు ఆ మిమిక్రీ హాస్టల్ గదిలో కాదు, కోదాడ బస్టాండులో నిలబడి చేస్తే చాలు.